ఖాకీ కాగితాల మీద పద్దెనిమిది మంది

పోయిన వారం మనం టైలరక్కనీ ఆవిడ కోడల్నీ ఒకే బస్సెక్కించి, చెరో కిటికీ పక్కన కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ బస్సు ఇప్పుడు బొమ్మల గ్యాలరీ మెట్ల ముందు ఆగింది. దిగినవాళ్లంతా ఒకే వీధి ఆడవాళ్లు, పన్నెండు మంది. గురువారం ఆ వీధి కొట్లకి సెలవు. సెలవు పూట ఇంట్లో ఉంటే ఏదో ఒక చాకిరీ మీద పడుతుందని, తాళాలు వేసుకుని బొమ్మలు చూడ్డానికి బయల్దేరారు.

అత్తాకోడళ్లు నేరుగా మాట్లాడుకుని పదకొండు నెలలైంది. కారణం ఒక రేకు పెట్టె. కొట్టు గోడలకి రంగు వేయించిన రోజుల్లో అది మాయమైంది. అందులో టైలరక్క నలభై ఏళ్లుగా కత్తిరించి దాచుకున్న ఖాకీ కాగితాలున్నాయి. ఎవరికి ఏది కుట్టాలన్నా, ఆ మనిషి కొలతకి కత్తిరించిన కాగితాన్ని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తెర వెయ్యడం ఆవిడ పద్ధతి. "కొలతలన్నీ ఫోన్లోకి ఎక్కించేద్దాం అత్తయ్యా" అని కోడలు అంతకు వారం ముందే అంది. అందుకే పెట్టె పోగానే అత్త కళ్లు కోడలి వైపు తిరిగాయి. కోడలు అవుననలేదు, కాదనలేదు. అప్పట్నించీ "దారం అయిపోయిందని ఆ అమ్మాయికి చెప్పు" అని అత్త కుట్టుమిషన్‌తో అంటుంది. "తెచ్చి పెట్టానని ఆవిడకి చెప్పు" అని కోడలు ఇస్త్రీపెట్టెతో అంటుంది. టైలరక్క కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి బతికిపోయాడు.

మొదటి హాల్లో పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. ఎవరి కన్ను వాళ్ల పని మీదకే పోయింది. వీధి మొదట్లో బేకరీ నడిపే రొట్టెల వదిన, బల్ల మీద రొట్టె ఉన్న బొమ్మ ముందు నిలబడి ముక్కు చిట్లించింది.

"పైన మాడింది, లోపల పచ్చి. పొయ్యి మంట చూసుకోకుండా బొమ్మ గియ్యడానికి కూర్చున్నట్టున్నాడు."

"నీకు అమ్మట్లేదులే, ముందుకి నడువు" అంది పంతులమ్మ. ఆవిడ ఉద్యోగం మానేసి ఆరేళ్లైనా, నలుగురు ఆడవాళ్లు కనబడితే వరసలో నిలబెట్టకుండా ఉండలేదు.

పక్కనే ఒక రాణిగారి బొమ్మ. ఒంటి నిండా జరీ, మెడ నిండా ముత్యాలు. టైలరక్క కళ్లద్దాలు పైకెత్తి చూసి, "పాపం" అంది.

"ఏం అక్కా?"

"చంక దగ్గర గుడ్డ చాల్లేదు. చెయ్యెత్తితే పర్రుమంటుంది. అందుకే తల్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చూసేవాళ్లేమో రాజసం అనుకుంటున్నారు."

అందరూ గొల్లుమన్నారు. వెనక నడుస్తున్న కోడలికీ నవ్వొచ్చింది కానీ, పదకొండు నెలల పట్టుదల గుర్తొచ్చి పెదవులు బిగించింది. రెండో హాల్లో నూలుపోగు లేని రాతి మగాడు నిలబడి ఉంటే, "ఈయన మన కొట్టుకి రాడులే" అని టైలరక్కే అంది. పంతులమ్మ చూపు తిప్పుకుని, "వరస, వరస" అని గట్టిగా అరిచింది.

మూడో హాలు గుమ్మం మీద రాసి ఉంది: తెలియని చేతి పని.

లోపల కొంచెం చీకటి. పైకప్పు నుంచి సన్నటి దారాలతో కాగితాలు వేలాడుతున్నాయి. ఒక్కో కాగితం వెనక ఒక దీపం. ఆ వెలుగులో ఖాకీ రంగు తేనె రంగైంది. భుజం వంపులు, మెడ లోతులు, నడుము దగ్గర లోపలికి పోయి మళ్లీ బయటికొచ్చే గీతలు. ఒకే కాగితం మీద నీలం గీత, దాని బయట ఎర్ర గీత, ఇంకా బయట నల్ల గీత. పిల్లలు పుట్టకముందు, పుట్టాక, ఆ పిల్లలకి పెళ్లిళ్లయ్యాక.

టైలరక్క కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. పెట్టెలోంచి మాయమైన తన కాగితాలు! చివరి అంచు దాకా తెలుసు తనకి. ఏది ఏ ఏడు కత్తిరించిందో, ఏ మూల సూది గుచ్చుకుని చిన్న నెత్తుటి చుక్క పడిందో కూడా తెలుసు.

ఇక్కడో సంగతి చెప్పాలి. టైలరక్క కాగితం మీద పేరు రాయదు. పనిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడ కొలతలున్న కాగితం ఇంకొకావిడ చేతిలో పడింది. సాయంత్రానికల్లా ఆ నడుము బజారంతటికీ నవ్వులాటైంది. ఆ నడుము గలావిడ మళ్లీ ఆ బజారుకే రాలేదు. ఆనాటి నుంచి టైలరక్క ఎవరి పేరూ రాయకుండా, తనకొక్కదానికే తెలిసే మారుపేరు పెట్టుకుంది. పెట్టెకి తాళం ఉంది కదా అని, మనసుకి తోచిన పేరు ధైర్యంగా పెట్టేసింది. గంట. పొంగు. ఎండుమిరప. వంగిన కొమ్మ. కింద ఒకటి రెండు మాటలు, తనకి తాను చెప్పుకునే జాగ్రత్తలు. అవన్నీ ఇప్పుడు దీపాల ముందు, అక్షరం అక్షరం కనబడుతున్నాయి.

"రండి రండి" అంటూ గ్యాలరీ చూపించే ఆయన ఎదురొచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు. మాట కూడా అలాగే ఉంది. "ఈ కళాకారుడెవరో మనకు తెలియదు. అయితే ఆయన జీవితంలో పద్దెనిమిది మంది ప్రేయసులు ఉండేవారన్నది ఈ చిత్రాలను బట్టి స్పష్టమవుతోంది."

"పద్దెనిమిది మందే!" రొట్టెల వదిన బుగ్గ నొక్కుకుంది. "ఒక్క మొగుడితోనే నా వల్ల కావట్లేదు. ఈ మహానుభావుడు ఎలా ఈదాడమ్మా!"

"ఒక్కొక్కరికి ఒక్కొక్క ముద్దుపేరు. ఈమెను చూడండి, 'గంట'. ఈమె కంఠం గుడిగంటలా..."

"గంటేమిటి, మన పంతులమ్మలా ఉంది" అని ఎవరో గొణిగారు. పంతులమ్మ ఒక్కతే నవ్వలేదు, ఆవిడకి వినబడలేదు.

రొట్టెల వదిన 'పొంగు' దగ్గరికెళ్లి కింది మాటలు పైకి చదివింది. "'రెండు వేళ్లు వదులు. తగ్గావని చెప్పు.' అయ్యో, ఎవరో పిచ్చిది! నిజంగానే తగ్గాననుకుని మురిసిపోయి ఉంటుంది!" కడుపు పట్టుకుని నవ్వింది. టైలరక్క కళ్లు మూసుకుంది. నాలుగేళ్లుగా గౌను తొడిగి చూసినప్పుడల్లా "వదినా, తగ్గావే!" అంటున్నది తనే.

ఎదుటివాళ్ల కాగితం అందరూ గుర్తుపడుతున్నారు, తమది ఎవరూ గుర్తుపట్టట్లేదు. ఇంకెంతసేపు? ఒక్కరు గుర్తుపడితే చాలు. నలభై ఏళ్లుగా ఆ వీధి ఆడవాళ్లు తలుపేసి, తన ముందు ఊపిరి బిగబట్టకుండా నిలబడుతున్నారంటే, ఆ కొలత తన గడప దాటదన్న నమ్మకంతోనే. అది పోయాక కొట్టులో కత్తెరకి పనేముంటుంది?

చెవి పక్కన గుసగుస వినబడింది. "అత్తయ్యా, మాట్లాడకండి."

కోడలు. మధ్యలో మిషన్ లేదు, ఇస్త్రీపెట్టె లేదు.

"మీ రాత వీళ్లెవరూ చూడలేదు. మీకూ నాకూ తప్ప తెలీదు. చూసేసి వెళ్లిపోదాం. తర్వాత సంగతి తర్వాత."

టైలరక్క తలూపింది. నోరు విప్పక్కర్లేదు. బస్సెక్కితే చాలు.

గ్యాలరీ ఆయన తర్వాతి కాగితం దగ్గరికి నడిచాడు. "ఇది నాకు అత్యంత ఇష్టమైనది. 'వంగిన కొమ్మ'. కింద ఏం రాశారో గమనించండి. 'ఎడమ భుజం లోపల రెండు పొరలు. అడగొద్దు.' రెండు పొరలు అనగా ఆ స్త్రీ హృదయంలోని రెండు రహస్యాలు. 'అడగొద్దు' అన్న ఆ ఒక్క మాటలో కళాకారుని మూగవేదన..."

అప్పటిదాకా గుంపు వెనక నిలబడ్డ పోస్టమ్మ చెయ్యి మెల్లగా తన ఎడమ భుజం మీదకి వెళ్లింది.

ముప్పై ఏళ్లుగా ఉత్తరాల సంచీ మోసిన భుజం అది. బొటనవేలంత కిందకి జారిపోయింది. ఏ చొక్కా తొడుక్కున్నా తెలీదు, ఎందుకంటే ఎడమ వైపు లోపల రెండు పొరల గుడ్డ పెట్టి ఉంటుంది. పెట్టమని ఆవిడ ఏనాడూ అడగలేదు. పెట్టానని టైలరక్క ఏనాడూ చెప్పలేదు.

"ఇది నా భుజం" అంది పోస్టమ్మ.

ఆవిడ గ్యాలరీ ఆయన ముందుకి నడిచింది.

"ఏ మగాడు కొలిచాడు దీన్ని? ఎప్పుడు కొలిచాడు? ఇలా వేలాడదీసి వచ్చేపోయేవాళ్లందరికీ చూపిస్తారా?" భుజం మీంచి చెయ్యి తియ్యకుండానే అడిగింది. "ఈ భుజం సంగతి నా మొగుడిక్కూడా తెలీదు. లోకంలో ఒక్క టైలరక్కకి తెలుసు. ఆవిడ ప్రాణం పోయినా చెప్పదు. చెప్పవయ్యా, ఎవడు గీశాడు?"

కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. టైలరక్క ఆ చేతిని ఒకసారి నొక్కి, విడిపించుకుంది. ఆ ఒక్క మాట లేకపోతే నోరు కుట్టేసుకుని బస్సెక్కేదే. ప్రాణం పోయినా చెప్పదన్నాక ఇంకెలా దాక్కుంటుంది?

"నేనే."

పదకొండు తలలు తిరిగాయి.

"కత్తిరించింది నేను, గీసింది నేను, పేర్లు పెట్టింది నేను. ఇక్కడికెలా వచ్చాయో నాకు తెలీదు. కానీ నా పెట్టెలో ఉండాల్సినవి. కాపాడుకోలేకపోయాను. ఏమన్నా నన్ను అనండి."

ముందు తేరుకున్నది రొట్టెల వదిన. "అయితే... ఆ పొంగు..."

"నువ్వే వదినా."

"నేను తగ్గలేదా?"

"లేదు."

"నాలుగేళ్లుగా?"

"ఏడాదికో వేలు పెరిగావు."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆ మాట నమ్మే కదే రోజూ పొద్దున ఇంకో రొట్టె ఎక్కువ తింటున్నాను!"

ఇక హాలు సంతైంది. "ఎండుమిరప నేనా?" "నేనేనా నస?" "నిన్ను నసంటే తప్పేముందే, నాది చూడు!" వెనక నుంచి ఒకావిడ ఏడుపుమొహంతో ముందుకొచ్చింది. "నాదెక్కడా లేదేం? నేను మనిషిని కానా?"

"నువ్వు రెడీమేడ్ కొంటావు కదే! ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావు?"

గ్యాలరీ ఆయన మధ్యలో నిలబడి, పద్దెనిమిది మంది ప్రేయసులూ ఒక్కసారిగా ప్రాణం పోసుకుని మీదపడ్డట్టు చూస్తున్నాడు.

కానీ పోస్టమ్మ నవ్వలేదు. "పేరు సంగతి సరే అక్కా. నా కొలత బయటికి ఎలా వచ్చింది?"

టైలరక్క ముందుకి కోడలు వచ్చి నిలబడింది.

"నా వల్ల. రంగు వేసేటప్పుడు పాత కాగితాల పెట్టె గడప బయట పెట్టింది నేనే. ఎలాగూ అన్నీ ఫోన్లోకి ఎక్కిస్తాం కదా అని. పావుగంట ఆగలేకపోయాను, తప్పు చేశాననిపించి పరిగెత్తాను. అప్పటికే పెట్టె లేదు." అందరి వైపూ తిరిగింది. "అత్తయ్య అడిగినప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది. తర్వాత రోజులు గడిచేకొద్దీ ఇంకా లేకపోయింది. కోపం ఉంటే నా మీద తీర్చుకోండి. కొట్టు మాత్రం మానకండి."

టైలరక్క కోడలి వీపు వైపు చూసింది. పదకొండు నెలలుగా ఎదురు చూసిన మాట ఇదే. వినబడ్డాక కోపం ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటే దొరకలేదు. "పదకొండు నెలలు మిషన్‌తో మాట్లాడించావు కదే నన్ను" అంది.

"ఇస్త్రీపెట్టె మాత్రం ఏం తక్కువ తిందా అత్తయ్యా!"

ఇంతలో పంతులమ్మ 'గంట' కింద రాసిన మాటలు తనలో తనే చదువుకుంది. 'లోపల జేబు, కనబడకుండా. మందు బిళ్లకి.' ఆవిడ గుండె మందు సంగతి ఆ వీధిలో ఎవరికీ తెలీదు. చదివి, అటు తిరిగి కళ్లజోడు తుడుచుకుంది. ఇటు తిరిగేసరికి మళ్లీ పాత పంతులమ్మే.

"వరస! అందరూ వరసలో నిలబడండి. చదవండి, ఎవరిది వాళ్లు. పేరు కాదు, కింద ఉన్నది చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి."

చదివారు. మెడ మీది మచ్చ కప్పడానికి కాలరు అరవేలు ఎత్తు. మోకాలి నెప్పికి, కూర్చుంటే లాగకుండా గౌను కింది చుట్టు వెడల్పు ఎక్కువ. చాలావాటి చివర ఒకటే మాట, అడగొద్దు. చదివినకొద్దీ గొంతులు తగ్గాయి. తిట్టు ఒక్కటీ రాలేదు.

"అయినా శిక్ష వెయ్యాలి" అంది పోస్టమ్మ. ఇప్పుడు ఆవిడ పెదవి కొసన నవ్వుంది. "నలభై ఏళ్లు మనందర్నీ కొలిచింది. ఈవిడ కొలత ఎవరైనా చూశారా? ఇక్కడే, మా అందరి ముందూ కొలవాలి. పేరు మేం పెడతాం."

"అవును! కొలవండి!" హాలు హోరెత్తింది.

"నాకెందుకే కొలత? నావి అంచనాతో కుట్టేసుకుంటాను" అని టైలరక్క వెనక్కి నడిచింది. వెనక రొట్టెల వదిన ఉంది. ఆవిణ్ణి దాటి వెనక్కి పోవడం ఎవరి తరమూ కాదు.

కోడలు చేతిసంచీలోంచి టేపు తీసింది. అత్త భుజాల మీద ఒక చివర పెట్టింది. ఈసారి ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించలేదు. టైలరక్క చంటిపిల్లలా కదలకుండా నిలబడింది.

"భుజం, పద్నాలుగున్నర."

"పద్నాలుగున్నర!" అందరూ పాటలా అందుకున్నారు.

"ఛాతీ, ముప్పై తొమ్మిది. నడుము, ముప్పై ఆరు. చెయ్యి పొడవు, ఇరవై ఒకటి... ఆగండి అత్తయ్యా, నిటారుగా నిలబడండి. కుడి భుజం ముప్పావు అంగుళం కిందకి ఉందేమిటి?"

పోస్టమ్మ పకపకా నవ్వింది. "నీదీ వంగిందా! నలభై ఏళ్లు ఆ బరువు కత్తెర మోస్తే వంగదూ!"

"ఒక్క నిమిషం" అన్నాడు గ్యాలరీ ఆయన. మాటలో ఇస్త్రీ మడత పోయింది. "కుడి భుజమా? ముప్పావు అంగుళమా? ఇంకోసారి చెప్పండమ్మా."

కోడలు చెప్పింది. ఆయన గబగబా లోపలి గదిలోకి వెళ్లి, ఒక కాగితం రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"ఆ పెట్టెలో పంతొమ్మిది ఉన్నాయి. ఇది మిగతావాటికి పొసగక బయట పెట్టలేదు. కాగితం కొత్తది, చేతిరాత వేరు."

దీపం ముందు పెట్టాడు. ఒక్కటే గీత, నల్లది. భుజం పద్నాలుగున్నర. ఛాతీ ముప్పై తొమ్మిది. నడుము ముప్పై ఆరు. కుడి భుజం ముప్పావు అంగుళం కిందకి. టేపు పెట్టి కొలిచినా అంత సరిగ్గా రాదు.

"ఎవరు తీశారు అత్తయ్యా మీ కొలత?"

"ఎవరూ తియ్యలేదే. నన్ను ముట్టుకున్న టేపు ఇదొక్కటే."

పంతులమ్మ వంగి, పైనున్న మారుపేరు చదివింది. "'తొందరపిల్ల' అట."

టైలరక్క ఆ కాగితం లాక్కున్నంత పని చేసింది. అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. అరవై రెండేళ్ల ఆవిడ ముఖం మీద ఏదో రంగు పాకింది. అది దీపానిదో లోపలిదో చెప్పలేం.

"పని నేర్చుకునేటప్పుడు" అంది మెల్లగా, "బల్లకి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి కత్తిరించేవాళ్లం. సుద్ద గీత పూర్తి కాకుండానే నేను కత్తెర వేసేదాన్ని. నన్ను ఆ పేరుతో పిలిచింది లోకంలో ఒక్కడే. టేపు పట్టేవాడు కాదు. వీధికి అవతల నిలబడి కంటితోనే కొలత తీసేవాడు. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఊరు విడిచి వెళ్లిపోయి నలభై మూడేళ్లు."

కోడలు ఆ కాగితాన్ని మళ్లీ చూసింది. "ఇది ఇప్పటి నడుము అత్తయ్యా. నలభై మూడేళ్ల కిందటిది కాదు."

అంటే ఈ మధ్యే, వీధికి అవతల నిలబడి ఎవరో చూశారు.

"పెట్టె ఇచ్చినాయన పేరు చెప్పొద్దన్నారు" అన్నాడు గ్యాలరీ ఆయన ఇబ్బందిగా. "కానీ ఆయన రావడం మానరు. ప్రతి గురువారం సరిగ్గా నాలుగింటికి వచ్చి, ఆ బల్ల మీద కూర్చుని, గంటసేపు ఈ కాగితాల వైపు చూస్తారు."

అందరూ గోడ గడియారం వైపు తిరిగారు. నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలుంది.

"వెళ్లిపోదామా అత్తయ్యా? బస్సు బయటే ఉంది" అంది కోడలు.

టైలరక్క కాగితం మడవకుండా ఛాతీకి ఆనించుకుని గుమ్మం వైపు చూస్తోంది. కింద ఎక్కడో తలుపు చప్పుడైంది. మెట్ల మీద చేతికర్ర మోగింది, ఆగి, మళ్లీ మోగింది.

"కోడలా" అంది టైలరక్క, కళ్లు గుమ్మం మీంచి తిప్పకుండానే. "నా జుట్టు సరిగ్గా ఉందా?"